చిన్నమిల్లు టైము

తొమ్మిదీ ఇరవైకి లాకప్పు తలుపు తెరుచుకుంది. ఆత్మారాంకు దొరికింది పది నిమిషాలు. ఇచ్చినవాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ముత్తన్న, ఒకప్పుడు ఆత్మారాం పక్కన కూర్చుని కేసు డైరీ రాయడం నేర్చుకున్న మనిషే. ఆత్మారాం పోలీసు కొలువు వదిలి, నిజామాబాద్‌లో ఒక టైలరు షాపు మీది గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించి తొమ్మిదేళ్ళయింది. అందుకని ఇప్పుడు గురువుగారు శిష్యుడి దయ మీద బతకాల్సి వచ్చింది.

“మూడు గంటలకు కోర్టుల హాజరు పెడుతున్న సార్. గంతలోపల మీకేమన్న దొరికితే తెండ్రి. లేకుంటే చాయ్ తాగి పోండ్రి,” అన్నాడు ముత్తన్న. మాటలో మర్యాద ఉంది, నవ్వులో లేదు.

లోపల గోడకు ఆనుకుని కూర్చున్నవాడు తుకారాం, పాతికేళ్ళ వంటవాడు. అతను చేశాడంటున్న హత్య ఈ జిల్లాలో కాదు, ఈ దేశంలోనే జరగలేదు. రెండు నెలల కింద, 2003 జూన్‌లో, తీర్థయాత్రల బాలన్న మొట్టమొదటిసారి విదేశీ టూరు వేశాడు. కాశీకీ షిర్డీకీ జనాన్ని తోలుకుపోయిన ధైర్యంతో ఏకంగా ఐస్‌లాండ్ దీవికే గురిపెట్టాడు. అగ్నిపర్వతాల దీవి, పటంలో ఉత్తరాన చిట్టచివర ఉంటుంది. ఎండాకాలంలో అక్కడ చీకటి పడదు. పన్నెండుమంది యాత్రికులు, బాలన్న, వంటకు తుకారాం, మొత్తం పద్నాలుగురు. హెల్గా అనే అక్కడి గైడమ్మ వాళ్ళను బస్సులో ఎనిమిది రోజులపాటు దీవి చుట్టూ తిప్పాల్సింది. ఆరో రోజు పొద్దున ఏడింటికి, ఉడికే బురదగుంటలున్న మైదానంలో, ఒక రాతి పగులు అడుగున రామస్వామి శవం కనిపించింది.

రామస్వామి ఎడపల్లి దారిలోని చక్కెర మిల్లులో ముప్పై నాలుగేళ్ళు టైంకీపరు. బోధన్ పెద్ద ఫ్యాక్టరీ కాదు, దాని నీడలో బతికి అయిదేళ్ళ కింద మూతబడిన ఒక చిన్న మిల్లు. జనం దాన్ని చిన్నమిల్లు అనే పిలిచేవారు. షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ కొట్టడం రామస్వామి పని.

అక్కడి పోలీసులు కాలు జారిందని రాసి పంపారు. నేల వేడిది కాబట్టి ఎప్పుడు చనిపోయాడో డాక్టర్లు చెప్పలేకపోయారు. చెప్పింది అతని చేతి గడియారం ఒక్కటే. అద్దం పగిలి అయిదూ పదికి ఆగిపోయింది. ఊరికొచ్చాక ఆశన్న ఒక వాంగ్మూలం ఇచ్చాడు. ఆశన్న అదే మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి ఇప్పుడు సర్పంచ్ అయినవాడు, రామస్వామికి నలభై ఏళ్ళ జతగాడు, హోటల్లో ఒకే గదిలో ఉన్నవాడు. తాను రాత్రి పదింటికే పడుకున్నానని, తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చినప్పుడు రామస్వామి పక్క మంచం మీద గురక పెడుతున్నాడని, ముందురోజు సాయంత్రం తుకారాం అతనితో గొడవపడ్డాడని చెప్పాడు. పొద్దున అయిదూ పదికి హోటల్లో లేచి తిరిగేది ఉప్మాకు ఎసరు పెట్టే వంటవాడే కదా. ముత్తన్నకు అంతకంటే ఏం కావాలి.

తుకారాం తల్లి భూమవ్వ బీడీలు చుట్టే మనిషి. నిన్న ఆత్మారాం మెట్లెక్కి వచ్చి, “నా కొడుకును నువ్వే ఇడిపియ్యాలె” అని ఒక్క మాట చెప్పి కూర్చుంది. ఊళ్ళో ఇంతమంది వకీళ్ళుండగా నా దగ్గరికే ఎందుకొచ్చావని అడిగితే జవాబు చెప్పలేదు.

కొడుకూ అదే రకం. గొడవ ఎందుకయిందన్న ప్రశ్నకు ఆరు నిమిషాలు నేల చూశాడు. “చెప్తే నా మెడకే సుట్టుకుంటది సార్” అన్నాడు చివరికి. చెప్పకపోయినా చుట్టుకునే ఉందని ఆత్మారాం గుర్తుచేశాక నోరు విప్పాడు.

అయిదో రోజు మధ్యాహ్నం బస్సు బురదగుంటల దగ్గర ఆగిందట. పెనంలో బెల్లం పాకం ఉడికినట్టు నేల ఉడుకుతోందట. గంధకం వాసనకు అందరూ ముక్కులు మూసుకుంటే, రామస్వామీ ఆశన్నా మాత్రం గుండెల నిండా పీల్చి నిలబడ్డారట. చెరుకు రసానికి గంధకం పొగ పట్టించి చక్కెర తెల్లబరిచే గది ఉండేది మిల్లులో. ఇదే వాసన, మా మిల్లు వాసన అని రామస్వామి గైడమ్మకు చేతులు తిప్పుతూ చెప్పి, చెప్పి, ఏడ్చాడట. ఆ సాయంత్రం వంటగదిలోకి వచ్చి తుకారాం ముందు నిలబడ్డాడు.

“మీ బాపు తాగి పండలే బిడ్డా, ఆ దినం నేనే సైరన్ పది నిమిషాల ముందుగాల కొట్టిన, అన్నడు సార్. ఒకడు అడిగితే కొట్టిన, వాని పేరు ఊర్లె మీ అవ్వ ముంగట చెప్త అన్నడు. నా చేతుల గరిటె ఉండె, ఇసిరి కొట్టిన. పదిహేడేండ్ల సంది మా అవ్వ తాగుబోతోని పెండ్లాం అనిపిచ్చుకుంట బీడీలు సుట్టింది సార్.”

తుకారాం తండ్రి పోశెట్టి. 1986 జనవరిలో గంధకం గదిలో పొగకు ఊపిరాడక పోయాడు. షిఫ్టు అయిపోయాక తాగి అక్కడే పడుకున్నాడని కాగితాల్లో ఉంది. ఆ కారణంగా కొడుక్కి మిల్లులో రావలసిన కొలువు రాలేదు. ఈ సంగతులు తుకారాం చెప్పక ముందే ఆత్మారాంకు తెలుసు. తెలుసని మాత్రం అనలేదు. కానిస్టేబులు వచ్చి టైమైందన్నాక లేచి, బయట నల్లా దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

పదకొండింటికి అతను ఎడపల్లి దారిలో రామస్వామి ఇంట్లో ఉన్నాడు. రామస్వామి భార్య రేణుకమ్మ ముందుగదిని ఇంకా సర్దలేదు. మేకుకు టూరు టోపీ వేలాడుతోంది. కిటికీలో ఒక నల్లరాయి, నిండా చిల్లులు, చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. రామస్వామి మొదటిరోజే కోటు జేబులో వేసుకున్నదట. గోడకు రోజువారీ కార్యక్రమం అచ్చేసిన బాలన్న కాగితం. దాని కింద బల్ల మీద ముత్తన్న జిరాక్సు తీయించుకుని తిరిగిచ్చిన డైరీ.

ఆత్మారాం డైరీ తెరిచి, చదవడం మొదలుపెట్టి, కాసేపు కేసు మరిచిపోయాడు. రామస్వామి రాత హాజరీపట్టీ రాత. ముందు టైము, తర్వాత సంగతి.

“1.30 ఉప్మా, చాయ్. 3.15 బస్సు కదిలింది. ఈ దేశంలో కొండలు ఇంకా చల్లారలేదు. నేల మీద చెయ్యి పెడితే మన ఇంటి పొయ్యి గట్టులాగే ఉంది. 8.30 పెద్ద జలపాతం. నీళ్ళ చప్పుడు చెరుకు క్రషింగు మొదలైన రోజు మిల్లు చప్పుడు. ఎనిమిదో తరగతిలో భూగోళం సారు పొద్దు గూకని దేశం ఉందంటే నమ్మలేదు. పొద్దు గూకకపోతే సైరన్ ఎప్పుడు కొడతారని అడిగి దెబ్బలు తిన్నాను.”

ఆత్మారాం పుట్టిందీ ఈ దారిలోనే. వాళ్ళ బాపు చెరుకు బండి తోలేవాడు. సైరన్ వింటూనే అవ్వ ఎసట్లో బియ్యం పోసేది. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఎవరి గడియారమైనా సైరన్‌తో తేడా వస్తే, సైరన్‌ను అనుమానించే మనిషి ఒక్కడూ లేడు. అందరూ గడియారాల ముళ్ళే తిప్పుకునేవాళ్ళు. మిల్లు మూతబడ్డాక ఆ ఊళ్ళకు పొద్దు గడవడం ఎట్లాగో తెలియలేదు. తుప్పు పట్టిన ఆ గొట్టాన్ని మొన్న పాత ఇనుము కింద కోసుకుపోయారట. ఆ మాట విన్నప్పుడు పడని బాధ ఇప్పుడు పడ్డాడు.

ముక్కు తుడుచుకుని మళ్ళీ మొదటి అక్షరం నుంచి చదివాడు. 1.30 ఉప్మా. ఒంటిగంటన్నరకు ఉప్మా ఎవడు తింటాడు? ముత్తన్న జిరాక్సులో ఆ మాట పక్కన “వంటవాడి నిర్లక్ష్యం, గొడవలకు మూలం” అని రాసి ఉండటం ఆత్మారాం పొద్దున స్టేషన్లోనే చూశాడు. గోడ మీది కాగితం వైపు తల తిప్పాడు. అందులో నాస్తా ఎనిమిదింటికి. బస్సు తొమ్మిదీ నలభై అయిదుకు. జలపాతం మూడింటికి. మిగతా రోజులు కూడా వేలు పెట్టి సరిచూశాడు. అన్ని చోట్లా అదే తేడా, అయిదున్నర గంటలు.

“అక్కా, బావ ఫోన్ చేసేటోడా?” అని అడిగాడు.

“దినాం చేసేటోడు తమ్మీ. సరిగ్గ మాపటికి ఆరింటికి. చాయ్ తాగినవా అని అడిగేటోడు. నీకాడ టైమెంతయింది అంటే ఆరే అనేటోడు. గంత దూరం పోతె గూడ ఆరేనా అని నవ్విన. నా గడియారంల ఆరే రేణుకా, దీన్ని తిప్ప, అన్నడు.”

“ఎందుకు తిప్పడు?”

“ఎందుకో నాకేమెరుక. ఎనభై ఆరు సంది గంతే. దినాం రేడియోల ఆరు కొట్టంగనే మిలాయించుకునేటోడు. అర నిమిషం తేడా వస్తె అన్నం తినకపోయేటోడు. ఆశన్న పటేలు ఎగతాళి చేసేటోడు, నీ గడియారానికి పెండ్లాం కన్న ఎక్కువ కాపలా అని.”

ఆత్మారాం పుస్తకంలో రెండు మాటలు రాసుకున్నాడు. గడియారం సంగతి ఆశన్నకు తెలుసు. ముత్తన్న రేణుకమ్మను అడగలేదు.

పన్నెండూ నలభైకి బాలన్న ఆఫీసులో ఫొటోలు బయటికొచ్చాయి. తారీఖూ టైమూ మూలన ఎర్రగా పడే కెమెరా. దిగిన రోజే గైడమ్మ చేత అక్కడి టైముకు తిప్పించానని బాలన్న ప్రమాణం చేశాడు. అయిదో రోజు రాత్రి కార్యక్రమం, అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడటం. పొద్దు సరస్సు అంచుదాకా దిగి, గంటసేపు కునుకు తీసినట్టు చేసి మళ్ళీ లేస్తుందట. హోటల్ ముందు గడ్డిలో అందరూ శాలువాలు కప్పుకుని ఎండలో కళ్ళు చికిలించి నిలబడ్డారు. తీసింది హెల్గా. మూడు ఫొటోలు, పదకొండూ ముప్పై ఆరు, నలభై నాలుగు, యాభై రెండు. మూడింటిలోనూ తుకారాం చాయ్ కెటిల్ పట్టుకుని చివర నిలబడి ఉన్నాడు. బురద మైదానం అక్కడికి ఇరవై నిమిషాల నడక. ఆత్మారాం వేలితో తలలు లెక్కపెట్టాడు. పద్నాలుగురికి పన్నెండే ఉన్నాయి. పెద్దమనుషులిద్దరూ అలిసి పడుకున్నారేమో అనుకున్నామని బాలన్న చెప్పాడు. ఆత్మారాం బయటికొస్తుంటే, ఉదయమే ఆశన్న కూడా వచ్చి ఇవే ఫొటోలు అడిగాడని, దొరకలేదని పంపించానని కూడా చెప్పాడు.

రెండూ అయిదుకు ముత్తన్న టేబుల్ మీద డైరీ, కార్యక్రమం కాగితం, మూడు ఫొటోలు వరసగా పరిచాడు ఆత్మారాం. ముత్తన్న డైరీని ఒక వేలితో పక్కకు తోశాడు. తేడా తనూ చూశానని, మనవాళ్ళు చెప్పిన టైముకు ఎక్కడికి చేరారు గనక అని నవ్వాడు.

“ఒకదినం లేటయితది, రెండు దినాలైతది. పొద్దుగాల లేచింది మొదలు అన్ని దినాలు సరిగ్గ అయిదున్నర గంటలే లేటవుతదా ముత్తన్నా? రామస్వామి గడియారం ఐస్‌లాండ్ పోలేదు. అది ఎడపల్లిలనే ఉంది.”

ముత్తన్న నవ్వు ఆగింది. ఆత్మారాం మిగిలినది గబగబా చెప్పాడు. ఇక్కడ తెల్లవారుజామున అయిదూ పది అంటే అక్కడ ముందురోజు రాత్రి పదకొండూ నలభై, తుకారాం ఫొటోల్లో కెటిల్ పట్టుకుని నిలబడ్డ సమయం. ఇంకే దేశమైనా, రాత్రి ఎనిమిదిన్నర జలపాతం ఫొటోలో ఎండ చూసి ఎవరైనా పట్టుకునేవారు. ఆ దేశంలో రాత్రీ ఎండే కాబట్టి ముత్తన్నకు అనుమానం రాలేదు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. తప్పు ఎక్కడంటే, ఫోను సంగతి రేణుకమ్మను ఒక్క ప్రశ్న అడగకపోవడంలో.

“రామస్వామి పదకొండు నలభైకే పోయిండు. గడియారం తిప్పడని ఎరికున్న ఆశన్ననే ఆ నాలుగింటి మాట చెప్పింది. మరి నాలుగింటికి గురక పెట్టిందెవరు?” అన్నాడు ఆత్మారాం.

ముత్తన్న లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. ఓడిపోయినవాడు వెంటనే ఒప్పుకుంటే ఆ కుర్చీలో ఎందుకుంటాడు. ఆశన్న సర్పంచ్ అని, ముసలాయనకు నిద్రమత్తులో టైము తప్పి ఉండవచ్చని, నలభై ఏళ్ళ జతగాణ్ణి చంపడానికి కారణం ఒక్కటి చూపించమని అన్నాడు. “తుకారాంకు కారణం ఉంది సార్. ఆశన్నకు ఏముంది? కారణం లేకుండ సర్పంచును తెస్తె నా టోపీ ఎగిరిపోతది.”

కారణం ఆత్మారాం దగ్గర పొద్దున నుంచీ ఉంది. లాకప్పులో పోశెట్టి పేరు విన్నప్పటి నుంచీ దాన్ని మోస్తూనే ఉన్నాడు.

“రికార్డు రూంల నుంచి ఎనభై ఆరు జనవరి పంచనామా తెప్పించు. చిన్నమిల్లు పోశెట్టిది,” అన్నాడు.

దుమ్ము దులిపి తెచ్చేసరికి రెండూ ముప్పై. మూడు పేజీలు. ముత్తన్న చివరి పేజీలో సంతకం చూసి, తల ఎత్తి, మళ్ళీ సంతకం చూశాడు.

“నేనే. అప్పుడు అక్కడ ఎస్సైని,” అన్నాడు ఆత్మారాం. ఆ తర్వాత చెప్పింది పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు, లేకపోతే మధ్యలో ఆగిపోతాడని తెలుసు. ఆ మధ్యాహ్నం మిల్లు గేటు ముందు హోటల్లో చాయ్ తాగుతున్నాడు. సైరన్ మోగింది. అది రెండు గంటల సైరన్. తన గడియారంలో ఒకటీ యాభై. చుట్టూ ఉన్న నలుగురూ తమ గడియారాలు చూసుకుని ముళ్ళు తిప్పుకున్నారు. నవ్వుకుంటూ తనూ తిప్పుకున్నాడు. కాసేపటికి మిల్లులోంచి కేకలు. పోశెట్టిని బయటికి తెచ్చారు. సైరన్ రెండింటికి మోగిందని, షిఫ్టు దిగాక పోశెట్టికి ఆ గదిలో పని లేదని, తాగి పడుకుని ఉండాలని, తన చేత్తో రాశాడు. పొయ్యి మండుతుంటే బదులు మనిషి వచ్చేదాకా గంధకం గది వదలకూడదన్నది అక్కడి నియమం. పోశెట్టి వదల్లేదు. ముందే మోగిన సైరన్‌కు అందరూ పోయారు, తర్వాతి షిఫ్టు ఇంకా రాలేదు, పొగ తన్నినప్పుడు ఒక్కడే ఉన్నాడు.

“అడిగింది ఆశన్నేనని ఏం సాక్ష్యం సార్?” ముత్తన్న గొంతు తగ్గింది.

“మూడో పేజీకి గుండుసూదితోని గుచ్చి ఉంది చూడు. ఫోర్‌మన్ ఏడీ అంటే సైరన్ అయినంక నాందేడ్ పోయిండన్నరు. మర్నాడు ఆశన్న తన బస్సు టికెట్ తెచ్చిచ్చిండు. రెండు గంటల బస్సు. మిల్లు గేటు నుంచి బస్సు ఆగే జాగకు ఏడెనిమిది నిమిషాల నడక. రెండింటికి సైరన్ మోగితే రెండింటి బస్సు ఎట్ల దొరికింది? టికెట్ నా చేతిల ఉంది. నాకే తోచలే. సైరన్ తప్పయితదని నా పుట్టుకల అనుకోలే.”

ముత్తన్న టికెట్‌ను వెలుతురుకు పట్టుకుని చూశాడు. తమ్ముడికి పిల్లను చూడటానికో, సినిమాకో, పది నిమిషాల కోసం ఒక ఫోర్‌మన్ జతగాణ్ణి బతిమాలుకున్నాడు. దాన్ని పదిహేడేళ్ళు ఇద్దరూ మోశారు. ఒకడు గడియారానికి కాపలా కాస్తూ మోశాడు. ఇంకొకడు పోశెట్టి శవం మోసిన పెద్దమనిషిగా పేరు తెచ్చుకుని సర్పంచ్ అయ్యాడు. గంధకం వాసన తగిలి మొదటివాడు నోరు విప్పబోతే రెండోవాడు ఆ పగులు అంచుదాకా వెంట నడిచాడు.

అప్పుడే హెడ్ కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. ఆశన్నను పిలుచుకురమ్మని, పంచనామాకు మనిషిని పంపినప్పుడే ముత్తన్న చేయించిన ఫోనుకు ఎడపల్లి నుంచి కబురొచ్చింది. ఇంటికి తాళం ఉంది. రెండు గంటల నాందేడ్ బస్సు ఎక్కుతుంటే జనం చూశారు.

ముత్తన్న ఫోన్ అందుకుని, బస్సు రాష్ట్ర సరిహద్దు దాటి బిలోలి చేరకముందే ఆపాలని మూడు చోట్లకు అరిచి చెప్పాడు. పెట్టేసి, తెల్లకాగితం ఒకటి ఆత్మారాం వైపు జరిపాడు. జరిపి, దాని మీద చెయ్యి తీయలేదు.

“ఇది మీ చేత్తో రాసిస్తేనే ఆశన్న మీద కారణం నిలుస్తది, తుకారాంను ఆపగలుగుత. కాని సార్, తప్పు పంచనామా రాసిన అని రాసిస్తే రేపటి పేపర్ల మీ పేరే ముందుంటది. బోర్డు దింపుకోవాల్సొస్తది. ఆలోచించుకోండ్రి.”

ఈ మాట వెటకారంగా అనలేదు. శిష్యుడు మొదటిసారి శిష్యుడిలా మాట్లాడాడు. ఆత్మారాం కాగితం తీసుకోకుండా లేచి వరండాలోకి నడిచాడు.

భూమవ్వ స్తంభం పక్కన కూర్చుని ఉంది. పొద్దున నుంచీ అక్కడే ఉంది. చేతుల్లో తునికాకు లేదు కాబట్టి వేళ్ళు ఊరికే ఒకదానిమీద ఒకటి చుట్టుకుంటున్నాయి. ఆత్మారాం ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. ఆసామీలకు ఎదురుగా కుర్చీలో కూర్చోవడమే అలవాటైన మనిషికి కాళ్ళు సరిగా మడత పడలేదు.

“అవ్వా, నీ కొడుకు ఇంటికొస్తడు. దానికి ముందు ఒక మాట చెప్పాలె. పోశెట్టి తాగిండని అప్పుడు కాయితం రాసింది…”

“నువ్వే,” అంది భూమవ్వ.

ఆత్మారాం తల ఎత్తి ఆమెను చూశాడు.

“నాకెరికే సారూ. గప్పుడే సదివిపిచ్చుకున్న. కింద నీ పేరుండె. పోశెట్టికి తాగే అలవాటు లేదని నీ కాళ్ళమీద పడి చెప్పిన, నీకు యాదిల లేదు. సైరన్ అబద్ధం చెప్తదా అన్నవ్. ఇప్పుడు నా కొడుకు మీద గూడ కాయితం రాస్తున్నరు. రాసెటప్పుడు నువ్వుండాల్నని వచ్చిన. ఒక్కసారి తప్పు రాసినోడు రెండోసారి సూసి రాస్తడనుకున్న.”

కోపంగా చెప్పలేదు. బీడీ కట్ట లెక్క అప్పజెప్పినంత మామూలుగా చెప్పింది. ఆత్మారాంకు కళ్ళు నిండాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. టైమెంతయిందని ఆమె అడిగింది. అతను గడియారం చూసుకున్నాడు.

“మూడింటికి పది నిమిషాలుంది అవ్వా.”

“అయితే పోయి రాయి,” అంది.

అతను లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ముత్తన్న తన కలం మూత తీసి ఇచ్చాడు. ఆత్మారాం తన పేరు, తండ్రి పేరు, ఊరు రాశాడు. రామస్వామి రాసే పద్ధతిలోనే, ముందు టైము రాసి తర్వాత సంగతి రాశాడు.

ఒకటీ యాభై. సైరన్ మోగింది. పోశెట్టి డ్యూటీలో ఉన్నాడు.